విధేయ తర్కం

విధేయ తర్కం తర్కశాస్త్రంలో ఒక ముఖ్య విభాగం. "అన్నీ", "కొన్ని", "ఏదీ కాదు" వంటి మాటలతో కూడిన వాక్యాలు సత్యమో అసత్యమో నిర్ణయించే పద్ధతిని ఇది తెలియజేస్తుంది. ప్రవచన తర్కం ఒక వాక్యాన్ని విడదీయకుండా మొత్తంగా స్వీకరిస్తుంది. విధేయ తర్కం దేనిని గురించి చెబుతున్నాం, దానిని గురించి ఏమి చెబుతున్నాం అనే రెండు అంశాలను వేరుచేస్తుంది. ఈ రెండవ అంశమే విధేయం. ఆంధ్రప్రదేశ్‌లో 2014కు పూర్వం పదవ తరగతి గణితంలోని "ప్రవచనాలు - సమితులు" అనే అధ్యాయంలో దీని తొలి పాఠాలు ఉండేవి.

చరిత్ర

భారతీయ న్యాయ దర్శనంలోని "వ్యాప్తి" అనే భావన ఈ విషయానికి దగ్గరగా ఉంటుంది. పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు ఉంటుంది అన్నది వ్యాప్తికి ప్రసిద్ధ ఉదాహరణ. దీనిని తిరగవేసి, నిప్పు ఉన్న ప్రతి చోటా పొగ ఉంటుంది అంటే అది అసత్యం. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. 17వ శతాబ్దంలో అన్నంభట్టు రచించిన "తర్కసంగ్రహం" ఈ శాస్త్రానికి నేటికీ ప్రవేశ గ్రంథంగా ఉంది.

ఆధునిక విధేయ తర్కానికి జర్మన్ గణితవేత్త ఫ్రెగే 1879లో ప్రచురించిన గ్రంథం పునాది వేసింది. ∃ అనే గుర్తును ఇటలీకి చెందిన పియానో 1897లోను, ∀ అనే గుర్తును జర్మనీకి చెందిన గెంట్‌జెన్ 1935లోను ప్రవేశపెట్టారు.

విశ్వసమితి, వివృత వాక్యం

ఏ వస్తువులను గురించి మాట్లాడుతున్నామో వాటి సమితిని విశ్వసమితి అంటారు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ నేడు హైదరాబాదులోని ఫిల్మ్‌నగర్, జూబ్లీ హిల్స్ పరిసరాలలో కేంద్రీకృతమై ఉంది. అది మద్రాసులో ఉన్న కాలం నాటి నాలుగు చిత్రాలను ఈ వ్యాసంలో విశ్వసమితిగా తీసుకుందాం.

* పాతాళ భైరవి (1951) - దర్శకుడు కె.వి.రెడ్డి, విజయా సంస్థ
* దేవదాసు (1953) - దర్శకుడు వేదాంతం రాఘవయ్య, వినోదా సంస్థ
* మిస్సమ్మ (1955) - దర్శకుడు ఎల్.వి.ప్రసాద్, విజయా సంస్థ
* మాయాబజార్ (1957) - దర్శకుడు కె.వి.రెడ్డి, విజయా సంస్థ

"చ విజయా సంస్థ చిత్రం" అనే వాక్యాన్ని వ(చ) అని, "చ లో ఎన్.టి.రామారావు నటించాడు" అనే వాక్యాన్ని ర(చ) అని రాద్దాం. ఇక్కడ చ చలరాశి. చ ఏమిటో చెప్పనంతవరకు వీటికి సత్య విలువ ఉండదు. కనుక వీటిని వివృత వాక్యాలు అంటారు. చ స్థానంలో మిస్సమ్మను ఉంచితే వ(చ) సత్యం, దేవదాసును ఉంచితే అసత్యం.

పరిమాణకాలు

వివృత వాక్యాన్ని ప్రవచనంగా మార్చే రెండవ మార్గం పరిమాణకాన్ని చేర్చడం.

సార్వత్రిక పరిమాణకం (∀): ∀చ వ(చ) అంటే "ప్రతి చిత్రమూ విజయా సంస్థ చిత్రమే" అని అర్థం. ఇది అసత్యం. అసత్యమని చూపడానికి దేవదాసు అనే ఒక్క ప్రత్యుదాహరణ చాలు.

అస్తిత్వ పరిమాణకం (∃): ∃చ వ(చ) అంటే "కనీసం ఒక చిత్రం విజయా సంస్థది" అని అర్థం. ఇది సత్యం. సత్యమని చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. అసత్యమని చూపాలంటే మాత్రం విశ్వసమితి అంతా పరిశీలించాలి.

నిషేధం

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "అన్ని చిత్రాలలోనూ రామారావు నటించలేదు" అనే తెలుగు వాక్యానికి రెండు అర్థాలు వస్తాయి.

# ∀చ ¬ర(చ): ఏ చిత్రంలోనూ రామారావు నటించలేదు. ఇది అసత్యం.
# ¬∀చ ర(చ): అన్నింటిలోనూ రామారావు నటించాడనడం నిజం కాదు. దేవదాసులో అతను లేడు కనుక ఇది సత్యం.

మాటలు అవే అయినా ఒక అర్థంలో వాక్యం అసత్యం, మరొక అర్థంలో సత్యం. కనుక సత్య విలువ నిర్ణయించే ముందు నిషేధం పరిమాణకానికి లోపల ఉందో, వెలుపల ఉందో తేల్చుకోవాలి. నిషేధం పరిమాణకాన్ని దాటి లోపలికి వెళ్ళినపుడు పరిమాణకం మారుతుంది:

* ¬∀చ ర(చ) ≡ ∃చ ¬ర(చ)
* ¬∃చ ర(చ) ≡ ∀చ ¬ర(చ)

అంటే "అన్నీ" అనేదానికి నిషేధం "ఏదీ కాదు" కాదు, "కనీసం ఒకటి కాదు".

పరిమాణకాల క్రమం

"వ్య అనే వ్యక్తి చ కు దర్శకుడు" అనే దానిని ద(వ్య, చ) అని రాద్దాం. ∀చ ∃వ్య ద(వ్య, చ) అంటే ప్రతి చిత్రానికీ ఒక దర్శకుడు ఉన్నాడు. ఇది సత్యం. క్రమం మార్చి ∃వ్య ∀చ ద(వ్య, చ) అని రాస్తే, ఒకే వ్యక్తి అన్ని చిత్రాలకూ దర్శకుడు అని అర్థం వస్తుంది. పై జాబితాలో ముగ్గురు దర్శకులు ఉన్నారు కనుక ఇది అసత్యం.

దర్శకుడికి బదులు నటుడిని తీసుకుంటే ఈ రెండవ రూపం కూడా సత్యమవుతుంది. ఎస్.వి.రంగారావు ఈ నాలుగు చిత్రాలలోనూ నటించాడు. అయితే విశ్వసమితిలో శంకరాభరణం (1980) చేర్చితే ఆయన ప్రత్యుదాహరణ ముందు నిలవడు. రంగారావు 1974లోనే మరణించాడు. ఈ విధంగా విశ్వసమితి మారితే సత్య విలువ కూడా మారవచ్చు.

శూన్య సత్యం

"1950కి ముందు విడుదలైన చిత్రాలన్నీ విజయా సంస్థవే" అనే వాక్యం పై నాలుగు చిత్రాల విషయంలో సత్యం. జాబితాలో 1950కి ముందు విడుదలైన చిత్రమే లేదు కనుక ప్రత్యుదాహరణ చూపడం సాధ్యం కాదు. ఇటువంటి దానిని శూన్య సత్యం అంటారు.

అభ్యాసం

పై నాలుగు చిత్రాల విశ్వసమితిలో కింది ప్రవచనాల సత్య విలువలు కనుగొనండి.

# ∀చ (వ(చ) → ర(చ))
# ∃చ (వ(చ) ∧ ¬ర(చ))
# ∀చ (ర(చ) → వ(చ))

జవాబులు: మొదటిది సత్యం, విజయా చిత్రాలు మూడింటిలోనూ రామారావు ఉన్నాడు. రెండవది మొదటిదానికి నిషేధం కనుక అసత్యం. మూడవది సత్యం. కాని విశ్వసమితిలో మన దేశం (1949) చేర్చితే మూడవది అసత్యమవుతుంది. అందులో రామారావు నటించాడు, అది విజయా సంస్థ చిత్రం కాదు.

ఇవి కూడా చూడండి

* సమితి
* న్యాయ దర్శనం
* బూలియన్ బీజగణితం