మూత్రపిండములు: పారవేయుటయు, దాచుకొనుటయు

మూత్రపిండముల పని శరీరములోని మాలిన్యమును బయటికి త్రోయుట యని చెప్పుట పరిపాటి. అది తప్పు కాదు గాని, సగము మాట. మిగిలిన సగమును శ్రోతలకు విన్నవింపదలచినాము.

మనము తిను పప్పు, పాలు, మాంసములలోని మాంసకృత్తులు శరీరమున వినియోగమైన పిదప వానినుండి అమోనియా పుట్టును. అది విషము. కాలేయము దానిని యూరియాగా మార్చి రక్తములో విడుచును. రైతులు పొలమున చల్లు యూరియాయు నిదియు నొక్కటే! బొగ్గుపులుసు వాయువును ఊపిరితిత్తులు వెడలించును. యూరియాకు మాత్రము మూత్రపిండములే ముఖ్యమార్గము.

పిడికెడంత యుండు ఈ రెండు అవయవములకు నిమిషమునకు లీటరుకు పైగా రక్తము చేరును. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల సూక్ష్మనాళికలు కలవు. నాళిక మొదట నున్న జల్లెడ రక్తకణములను, పెద్ద మాంసకృత్తులను ఆపును. నీరు, ఉప్పు, చక్కెర, యూరియా అన్నియు కలిసి దిగిపోవును. ఇట్లు దినమునకు దిగు ద్రవము దాదాపు 180 లీటర్లు. మనము విసర్జించునదియో, లీటరున్నర, రెండు లీటర్లు. తక్కినదంతయు నాళికల గోడలు మరల పీల్చి రక్తమున కప్పగించును. భోగికి ముందు గృహిణి సామానంతయు వాకిట పెట్టి, కావలసినవానిని మాత్రమే తిరిగి లోనికి చేర్చుకొనును గదా! ఇదియు నట్టిదే. ఈ పద్ధతిలో నొక సౌకర్యము కలదు: పారవేయదగిన ప్రతి పదార్థమును గుర్తుపట్ట నక్కరలేదు. ఉంచుకొనదగినదానిని గుర్తించిన చాలును. ఆరోగ్యవంతులలో చక్కెర ఇంచుమించు పూర్తిగా వెనుకకు వచ్చును. మధుమేహమున అది మితిమీరుటచే నాళికలకు అందక మూత్రమున పోవును.

1943లో, జర్మనుల యాక్రమణలో నున్న నెదర్లాండ్సున, కాంపెన్ పట్టణమున విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు సాసేజీలకు తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో త్రిప్పుచు, రోగి రక్తమును దానిగుండ నడపెను. యూరియా నీటిలోనికి జారెను. మొదటి రోగులు దాదాపు అందరును మరణించిరి, ఆయన విడువలేదు. 1945లో, స్పృహ లేక పడియున్న 67 ఏండ్ల వృద్ధురాలు ఆ చికిత్సతో కన్నులు తెరచెను. నేటి డయాలిసిస్ కిదియే మూలము. సాధారణముగా వారమునకు మూడు మారులు, మారునకు నాలుగేసి గంటలు రోగి యంత్రము చెంత నుండవలెను.

ఆ కష్టమెట్టిదో శ్రీకాకుళం జిల్లా ఉద్దానమువారు ఎరుగుదురు. కొబ్బరి, జీడిమామిడి తోటల ఆ సీమలో మధుమేహము, రక్తపోటు లేనివారికి సైతము మూత్రపిండములు చెడుచున్నవి. నీటిని, పురుగుమందులను, ఎండలోని శ్రమను పరిశోధకులు శంకించిరి గాని, కారణము ఇదమిత్థమని తేలలేదు. 2023లో పలాసలో ఈ వ్యాధికై ప్రత్యేక ఆసుపత్రి వెలసినది.

ఈ వ్యాధి తొలిదశలో నొప్పి పెట్టదు. శక్తి సగమునకు పైగా నశించినను మనిషి తన పనులు చేసికొనుచునే యుండును. అందువలన రక్తమున క్రియాటినిన్, మూత్రమున అల్బుమిన్ పరీక్షింపవలెను. క్రియాటినిన్ కండరములనుండి పుట్టు వ్యర్థపదార్థము. నాళికలు దానిని తిరిగి పీల్చుకొనవు. కావున రక్తములో నది పెరిగిన, జల్లెడ మందగించెనని వైద్యుడు గ్రహించును.