చుక్క వేసే ముందే చెప్పాల్సిన మాట

కంటి పరీక్షకు వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామంది డాక్టరు చెప్పిన జబ్బు పేరు మరిచిపోతారు గానీ, పరీక్షకు ముందు వేసిన చుక్కల్ని మాత్రం మరిచిపోరు. కంట్లో మంట, గొంతులో చేదు, ఎండలోకి వస్తే కళ్ళు విప్పలేకపోవడం, చేతిలో ఫోనుంటే అంకెలు కనపడకపోవడం అన్నీ కలిసి ‘ఆ చుక్కలు వేస్తే ఉన్న చూపు పోతుందట’ అనే మాటగా ఊరికి చేరతాయి. పల్నాడు జిల్లాలోని ఎడ్లపాడు లాంటి మండలంలో ఈ మాటకు బలమెక్కువ. ఇక్కడ మిరప, పత్తి పండించే రైతులున్నారు, నూలు మిల్లుల్లో షిఫ్టులు చేసేవాళ్ళున్నారు, ఊరిని ఒరుసుకుంటూ పదహారో నంబరు జాతీయ రహదారి పోతుంది. కంటిని పూర్తిగా చూపించుకోవాలంటే చిలకలూరిపేటకో నరసరావుపేటకో గుంటూరుకో పోవాలి. ఇంకా అవసరమైతే పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రికో, విజయవాడ పక్కన తాడిగడపలో ఉన్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకో వెళ్ళాలి. అంటే చుక్కలు వేయించుకున్న మనిషి ఆ కళ్ళతోనే రోడ్డెక్కి ఇంటికి చేరాలి, వీలైతే ఆ పూట కూలి పోకుండా పనిలోకీ దిగాలి. ఈ చుక్కలతో వచ్చే ఇబ్బందులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే తేలేది ఇదీ: మందు చేసే చెరుపు స్వల్పం, ముందుగా చెప్పకపోవడం చేసే చెరుపే ఎక్కువ.

అసలు ఆ చుక్కలు ఎందుకు? కంటి వెనక ఉండే రెటీనానూ, కంటి నరం మొదలునూ డాక్టరు కంటిపాప గుండానే చూడాలి. కంట్లోకి లైటు వేయగానే పాప ముడుచుకుంటుంది. అప్పుడు చూడటమంటే తలుపు సందులోంచి గదంతా సోదా చేయడమే. చుక్కలు వేశాక మూడు మిల్లీమీటర్ల పాప ఆరు మిల్లీమీటర్లయితే వెడల్పు రెట్టింపు, చూడటానికి దొరికే వైశాల్యం నాలుగింతలు. మన దగ్గర ఎక్కువగా వాడేది ట్రోపికమైడ్. ఇది పాపను ముడిచే కండరాన్ని కాసేపు పని మాన్పిస్తుంది. దానికి తోడుగా చాలాచోట్ల ఫినైలెఫ్రిన్ కూడా కలిపి వేస్తారు, అది పాపను విప్పే కండరాన్ని లాగుతుంది. ట్రోపికమైడ్ ఇరవై ముప్పై నిమిషాల్లో పట్టుకుని, నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో వదులుతుంది. కొందరికి మర్నాటి దాకా ఉంటుంది. మనలాంటి ముదురు రంగు కళ్ళలోని వర్ణకం మందును కొంత పట్టి ఉంచుకుంటుంది కాబట్టి పాప విచ్చుకోవడమూ ఆలస్యమే, తిరిగి ముడుచుకోవడమూ ఆలస్యమే. రెండోసారి, మూడోసారి చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టడం సిబ్బంది నిర్లక్ష్యమేమీ కాదు. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు పాప ఇంకా బద్ధకంగా విచ్చుకుంటుంది.

ఇప్పుడు ఇబ్బందుల సంగతి. వెలుతురు గుచ్చుకోవడం, దగ్గరి చూపు మసకబారడం పొరపాటున వచ్చిపడ్డ దోషాలు కావు, మందు తన పని తాను చేస్తోందనడానికి గుర్తులు. పాప తెరుచుకుని ఉంటే పల్నాటి మధ్యాహ్నపు ఎండ అడ్డులేకుండా లోపలికి దిగుతుంది. పాపను ముడిచే కండరంతో పాటు, దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే కండరం కూడా సోలిపోతుంది. ఈ రెండో ఇబ్బంది అందరికీ ఒకేలా ఉండదు. యాభై దాటినవాళ్ళకు ఆ శక్తి ఎలాగూ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి పెద్ద తేడా తెలియదు. పాతికేళ్ళవాళ్ళకు మాత్రం కొత్తగా, భయంగా ఉంటుంది. చేసే పనిని బట్టీ తేడా ఉంటుంది. మిరప కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరే మనిషి రంగులో చిన్న తేడాను దగ్గర నుంచి పట్టాలి. మిల్లులో తెగిన దారాన్ని అతికే మనిషి తిరుగుతున్న మిషను పక్కనే చేయి పెట్టాలి. మొదటి మనిషికి ఆ పూట పని పాడవుతుంది, రెండో మనిషికి వేలికే ప్రమాదం. గొంతులో చేదు మాత్రం నిరపాయం. కంట్లోంచి ముక్కులోకి దిగే సన్నటి నాళం గుండా మందు జారితే అలా అనిపిస్తుంది. చుక్క పడ్డాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కితే చేదూ తగ్గుతుంది, ఒంట్లోకి పోయే మందూ తగ్గుతుంది.

పాప విచ్చుకోవడం మన పొలాలకు కొత్తేమీ కాదు. మిరప, వంగ, పొగాకు, ఉమ్మెత్త ఒకే కుటుంబపు మొక్కలు. కంటి డాక్టర్లు వాడే అట్రోపిన్ ఉమ్మెత్తలోనూ ఉంటుంది. చేలో కలుపు తీస్తూ ఉమ్మెత్తను పీకి, అదే చేత్తో కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటిపాపే పెద్దదై కొన్ని రోజుల పాటు అలాగే ఉండిపోతుంది. ఈ సంగతి తెలియని చోట మెదడుకేదో అయిందని స్కానింగుల దాకా పోవాల్సి వస్తుంది. అలా జరిగితే ఏ మొక్క ముట్టుకున్నారో డాక్టరుకు చెప్పడం మంచిది. పరీక్షకు వేసే చుక్కలకూ దీనికీ తేడా మోతాదులోనూ నిలిచి ఉండే కాలంలోనూ ఉంది. సైక్లోపెంటలేట్ సుమారు ఒక రోజు, హోమట్రోపిన్ ఒకటి నుంచి మూడు రోజులు, అట్రోపిన్ వారం నుంచి రెండు వారాలు ఉంటాయి. అందుకే ‘చుక్కలు వేశారు’ అని తెలిస్తే చాలదు, ఏ చుక్కలు వేశారో కాగితం మీద ఉండాలి. రెండో రోజుకూ పాప ముడుచుకోలేదంటే కంగారు పడాలా వద్దా అన్నది ఆ పేరును బట్టే తేలుతుంది.

నిజంగా భయపడాల్సిన వాటిలో మొదటిది రోడ్డు. ఆస్ట్రేలియాలో మామూలు చూపున్న యువకుల కళ్ళకు చుక్కలు వేసి, మిగతా వాహనాలు లేని రోడ్డు మీద పగటిపూట కారు నడిపించి చూశారు. ఆ ఫలితాలు 2003లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో వచ్చాయి. నేపథ్యంలో కలిసిపోయే రంగున్న అడ్డంకులను గుర్తించి తప్పించుకోవడంలో వాళ్ళు వెనకబడ్డారు. దీన్నిబట్టి గోడ మీది అక్షరాల పట్టిక చదవగలిగినంత మాత్రాన బండి నడపవచ్చని కాదు. నల్లటి తారు మీద నల్లటి గేదె, సాయంత్రం మసక వెలుతురులో లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు అక్షరాల పట్టికలో ఉండవు, జాతీయ రహదారి మీద ఉంటాయి. చీకటి పడ్డాక ఎదురుగా వచ్చే లారీ లైట్లు తెరుచుకున్న పాపలోకి నేరుగా కొడతాయి. ‘దూరం బాగానే కనిపిస్తోంది, నెమ్మదిగా పోతాను’ అనే ధీమాకు ఇక్కడ ఆధారం లేదు. చుక్కలు వేయించుకున్న రోజు బండి వెనక సీటులోనో బస్సులోనో రావడమే పద్ధతి. నల్ల కళ్ళద్దాలు ఎండ పోటును తగ్గిస్తాయి, బండి నడిపే యోగ్యతను తిరిగి ఇవ్వవు.

రెండోది అరుదైనది, కానీ తీవ్రమైనది. కొందరి కంట్లో నీరు బయటికి పోయే మూల పుట్టుకతోనే ఇరుకు. పాప పెద్దదై మళ్ళీ ముడుచుకునే దారిలో, సగం తెరుచుకుని ఉన్నప్పుడు ఆ మూల మూసుకుపోయి, కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు. నీటికాసుల (గ్లాకోమా) జబ్బులో ఇది అకస్మాత్తుగా వచ్చే రకం. ఎంత అరుదు? పండిట్, టేలర్ అనే పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనాలన్నీ వడగట్టి 2000లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ట్రోపికమైడ్ ఒక్కటే వాడితే ఈ ప్రమాదం దాదాపు శూన్యం. ఎక్కువసేపు ఉండే మందులో, రెండు కలిపిన మందులో వాడితే 3,380 మందిలో ఒకరి నుంచి 20,000 మందిలో ఒకరి వరకు. ఈ లెక్కలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి, మన కళ్ళకు వర్తిస్తాయా అని ఎవరైనా అడిగితే అది సబబైన ప్రశ్నే. ఎల్వీ ప్రసాద్ సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంలో హైదరాబాదులో నలభై దాటినవాళ్ళను పరీక్షిస్తే నూటికి ఒకరికి పైగా ఈ ఇరుకు మూల నీటికాసులు బయటపడ్డాయి. జబ్బు ఇంకా రాకపోయినా మూసుకుపోయేంత ఇరుకు మూలలున్నవాళ్ళు నూటికి మరో ఇద్దరు తేలారు. జబ్బున్నవాళ్ళలో మూడోవంతు మందికే ఆ సంగతి అంతకుముందు తెలుసు. కాబట్టి మన దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. అయితే ఆ జాగ్రత్త చుక్కలు మానేయడం కాదు. చుక్కలకు ముందే కంటి పక్క నుంచి లైటు వేసి, స్లిట్ ల్యాంపుతో మూల వెడల్పు అంచనా వేయడం. ఇరుకని తేలితే పాప చుట్టూ ఉండే రంగు పొరలో లేజరుతో సన్నటి దారి చేసి, రాబోయే ప్రమాదాన్ని ముందే తప్పిస్తారు.

ఇక్కడే ముందుగా చెప్పాల్సిన మాటకు ప్రాణమంత విలువ. ఈ ఒత్తిడి ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు కాక, కొన్ని గంటల తర్వాత ఇంట్లో ఉండగా రావచ్చు. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి, అదే వైపు తలనొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు, చూపు మంచు పట్టినట్టు అవడం దాని లక్షణాలు. ముందు తెలియకపోతే వాంతి పైత్యం ఖాతాలోకి, తలనొప్పి వడదెబ్బ ఖాతాలోకి, కంటి ఎరుపు మిరప ఘాటు ఖాతాలోకి పోతాయి. మాత్ర వేసుకుని పడుకుంటారు. అప్పటికప్పుడు వెళితే కాపాడగలిగిన చూపు తెల్లారేసరికి దెబ్బతినవచ్చు. మామూలు మసక ఎలా ఉంటుందో, ప్రమాదం ఎలా ఉంటుందో రెండు వాక్యాల్లో చెప్పి పంపితే ఈ పొరపాటు జరగదు.

మూడోది ఒంటి మీద ప్రభావం. ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది. పది శాతం గాఢత ఉన్నది బీపీని ఎక్కించగలదు కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్ళకూ పసిపిల్లలకూ వాడకుండా, పలుచని మందో ట్రోపికమైడ్ ఒక్కటో ఎంచుకుంటారు. ఆ ఎంపిక జరగాలంటే బీపీ, గుండె మందుల చీటీ డాక్టరు చేతికి ముందే అందాలి. పిల్లల విషయం వేరు. వాళ్ళ కళ్ళు చూపును బలంగా సర్దుకుంటాయి కాబట్టి, ఆ సర్దుబాటును ఆపితేనే కళ్ళద్దాల అసలు నంబరు తేలుతుంది. అందుకే కొందరికి ఇంట్లో మూడు రోజులు రాయమని అట్రోపిన్ ఆయింట్‌మెంటు ఇస్తారు. ఎక్కువ పెడితే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం ఇక్కడ ప్రమాదం. బియ్యపు గింజంత చాలు. పిల్లవాడి మొహం ఎర్రబడి, ఒళ్ళు కాలి, నోరు ఎండి, గుండె దడదడలాడితే జ్వరం మందు వేసి ఊరుకోకుండా ఆయింట్‌మెంటు ఆపి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. సైక్లోపెంటలేట్‌తో కొందరు పిల్లలు కాసేపు మత్తుగానో పొంతన లేకుండానో మాట్లాడతారు. అది గాలి సోకడం కాదు, మందు ప్రభావం. ఆయింట్‌మెంటు ట్యూబు పిల్లల చేతికి అందకుండా దాచడం అన్నిటికంటే ముఖ్యం.

ఇంత తతంగం ఎందుకు, చుక్కలు లేకుండా ఫొటో తీసే కెమెరాలు వచ్చాయి కదా అని అడగవచ్చు. వచ్చాయి, ఉపయోగం కూడా ఉంది. షుగరున్నవాళ్ళను ఊళ్ళోనే వడపోయడానికి అవి మంచి సాధనాలు. కానీ మామూలు కెమెరా రెటీనా నడిమి భాగాన్నే పడుతుంది. శుక్లం ముదిరిన కంట్లో, చిన్న పాపలో ఫొటో మసకబారుతుంది. రెటీనా అంచున పడ్డ చిరుగు ఆ ఫొటోలో కనపడకపోవచ్చు. ఫొటో బాగా రాలేదన్నా, అందులో అనుమానం తగిలిందన్నా మళ్ళీ చుక్కలే దిక్కు. షుగరు రెటీనా దాకా వచ్చినా మొదట్లో నొప్పీ ఉండదు, చూపూ తగ్గదు. అందుకే ఏడాదికోసారి పాప విప్పి చూడమంటారు. ఒక పూట మసకకు భయపడి ఆ పరీక్ష మానుకున్న మనిషి తిరిగిరాని చూపును పణంగా పెడుతున్నాడు. పాపను తొందరగా ముడిచే ఫెంటొలమైన్ చుక్కలకు 2023 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అలాంటి మందు మసక గంటల్ని తగ్గిస్తుందే గానీ ఇరుకు మూలను ముందే చూడాల్సిన అవసరాన్ని తీసేయదు.

ఆసుపత్రుల వైపు నుంచి వినిపించే అభ్యంతరం ఇంకోటుంది. ఇవన్నీ ముందే చెబితే జనం బెదిరి పారిపోతారని, రద్దీలో ఒక్కొక్కరికీ చెప్పే తీరిక లేదని. మొదటి మాట తలకిందుల తర్కం. జనం బెదిరేది చెప్పినందుకు కాదు, చెప్పకుండా మసక వచ్చినందుకు. సాయంత్రానికి పోతుందని తెలిసిన మసక ఎవరినీ భయపెట్టదు. తీరిక సంగతికొస్తే, చుక్కలు వేశాక అరగంట బెంచీ మీద కూర్చోబెడుతున్నారు, అంతకుముందు ఓపీ చీటీ కోసం క్యూలో నిలబెడుతున్నారు. తీరిక అక్కడే ఉంది. అయితే కూలి చేసుకునేవాళ్ళు చెప్పే అభ్యంతరం ఇంతకంటే బరువైనది. పరీక్షకు ఒక పూట పోతే సగం కూలి, తోడు వచ్చినవాళ్ళది ఇంకో సగం. జాగ్రత్తలు చెప్పినంత మాత్రాన ఆ డబ్బు తిరిగి రాదు. కానీ ముందు తెలిస్తే పరీక్షను కోతలు లేని రోజుకో, మిల్లు సెలవు రోజుకో పెట్టుకోవచ్చు. ఒకే ఊరి నుంచి నలుగురు కలిసి పోతే ఒక్క తోడు చాలు. శిబిరాలు పెట్టేవాళ్ళు రోగుల్ని బస్సులో తీసుకువెళ్ళినట్టే తిరిగి ఊళ్ళో దింపడం కూడా పరీక్షలో భాగమేనని లెక్కవేయాలి.

2018లో తెలంగాణలోనూ 2019లో ఆంధ్రప్రదేశ్‌లోనూ మొదలైన కంటివెలుగు కార్యక్రమాలు కంటి పరీక్షను మారుమూల ఊళ్ళ దాకా తెచ్చాయి. ఇక తేవాల్సింది ఒక అలవాటు. పరీక్ష తేదీ ఇచ్చేటప్పుడే ‘చుక్కలు వేస్తాం, తోడు తెచ్చుకోండి, బండి నడపొద్దు, వాడే మందుల చీటీ తెండి’ అని చెప్పడం. వేసిన మందు పేరునూ, రాత్రి నొప్పి వస్తే ఫోను చేయాల్సిన నంబరునూ చీటీ మీద రాయడం. రోగి కూడా నోరు తెరిచి మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఏ మందు వేస్తున్నారు, ఎంతసేపు ఉంటుంది, నా కంటి మూల చూశారా? వీటికి జవాబు చెప్పడానికి ఏ డాక్టరుకైనా నిమిషం చాలు. ఆ నిమిషం చుక్క పడ్డాక కాకుండా చుక్కకు ముందే దొరికితే, ఈ మందు వల్ల మనకు మిగిలే నష్టం ఒక పూట మసక మాత్రమే.