నెలల తరబడి నిలిచిన స్కూటర్‌ని రోడ్డెక్కించే ముందు

సంగారెడ్డి జిల్లా హత్నూర మండలంలో గుండ్లమాచునూరు, బోర్పట్ల వైపు మందుల కంపెనీలకు కంపెనీ బస్సులో వెళ్లొచ్చేవాళ్ల ఇళ్లల్లో స్కూటర్ తరచూ మూలకే ఉంటుంది. వానాకాలమంతా బురద, చలికాలమంతా పొద్దున మంచు. సంక్రాంతి దాటి బండి బయటికి తీస్తే స్టార్ట్ కాదు. మంచు గడ్డకట్టే దేశాల్లో చలికాలం రాకముందే బండిని పద్ధతిగా సిద్ధం చేసి షెడ్డులో పెడతారు. మన దగ్గర ఎవరూ అనుకుని పెట్టరు, అది దానంతట అదే నిలిచిపోతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇంటింటా ఇదే జరిగింది.

ఇలా నిలిచిన బండి చాలాసార్లు చెడిపోయి ఉండదు. బ్యాటరీ దిగిపోవడం, పెట్రోల్ పాడవడం, గాలి దారి మూసుకుపోవడం, ప్లగ్ తడవడం: ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. వరుసగా చూసుకుంటూ వెళ్తే చాలామటుకు ఇంటి ముందే తేలిపోతుంది. వరుస తప్పి సెల్ఫ్ నొక్కుతూ కూర్చుంటే ఉన్న కొద్దిపాటి చార్జీ కూడా పోతుంది.

ముందుగా చిన్న విషయాలు. సైడ్ స్టాండ్ దించి ఉంటే చాలా కొత్త స్కూటర్లు స్టార్ట్ కావు. బ్రేక్ పట్టుకోకపోతే సెల్ఫ్ పనిచేయదు. ఇంజిన్ ఆపే స్విచ్ ఉన్న మోడల్ అయితే అది ఇంజిన్ నడిచే వైపు ఉందో లేదో చూడండి. డబుల్ స్టాండ్ వేసి, ఈ మూడూ సరిచూసుకున్నాకే బ్యాటరీ సంగతికి రండి.

తాళం తిప్పగానే లైట్లు మసగ్గా ఉన్నా, హారన్ గొంతు పూడినట్టు వచ్చినా, సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మన్నా బ్యాటరీ దిగిందనే అర్థం. వాడకపోయినా బ్యాటరీలో చార్జీ రోజూ కొంచెం తగ్గుతూనే ఉంటుంది. దిగిన స్థితిలోనే వారాల తరబడి ఉంటే లోపలి సీసపు పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత చార్జీ పట్టడం తగ్గిపోతుంది. చలి ఎక్కువైతే బ్యాటరీ బలం ఇంకా పడిపోతుంది. కోహీర్ లాంటి చోట్ల ఉష్ణోగ్రత ఒక్కోసారి పది డిగ్రీల లోపుకు దిగే జిల్లా మనది. మల్టీమీటర్ ఉంటే కొలవండి. నిలకడగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు, ఆ పైన చూపిస్తే బాగున్నట్టు. 12 కన్నా తక్కువైతే చార్జింగ్ షాపుకు తీసుకెళ్లాల్సిందే. విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు తీయండి, బిగించేటప్పుడు అది చివర. స్కూటర్ బ్యాటరీ చిన్నది కాబట్టి నిదానంగా చార్జీ ఎక్కాలి. 3 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయితే 0.3 ఆంపియర్ల దగ్గర పది గంటల పైనే పడుతుంది. ట్రాక్టర్ బ్యాటరీ నుంచి తీగలు లాగి స్టార్ట్ చేసే అలవాటు మాత్రం మానుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే కొత్త బండిలోని కంప్యూటర్ కాలిపోతుంది, దాని ఖర్చు ముందు బ్యాటరీ ధర చాలా చిన్నది.

బ్యాటరీ బాగుండీ బండి అందుకోకపోతే పెట్రోల్ చూడాలి. ఇక్కడ మీ బండి ఏ రకమో తెలియాలి. బీఎస్-6 నిబంధన వచ్చిన 2020 ఏప్రిల్ తర్వాత తయారైన స్కూటర్ అయితే అది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అనుకోవచ్చు. తాళం ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మోగాలి. ఇంజిన్ గుర్తు లైటు వెలిగి ఆరిపోవాలి. చప్పుడు రాకపోతే ఫ్యూజ్ చూడండి, బ్యాటరీ మరోసారి చూడండి. ఈ రకం బండికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పంపు తిరగదు, అప్పుడు ఎంత కిక్ కొట్టినా ఫలితం ఉండదు.

అంతకు ముందువి ఎక్కువగా కార్బురేటర్ బండ్లు. వాటి అడుగు గిన్నెలో మిగిలిన పెట్రోల్ నెలల్లో ఆవిరై, జిగురు మిగులుతుంది. ఆ జిగురు సన్నటి జెట్‌లను మూసేస్తుంది. మెకానిక్‌లు కార్బురేటర్‌లో కచరా చేరిందనేది దీన్నే. చోక్ మీద స్టార్ట్ అయి, రేస్ వదలగానే ఆగిపోతుంటే అది చిన్న జెట్ మూసుకుపోయిన లక్షణం. పాత చేతక్ లాంటి బండ్లకు పెట్రోల్ ట్యాప్ ఉండేది. దాన్ని మూసి ఇంజిన్ ఆగేదాకా నడిపిస్తే గిన్నె ఖాళీ అయ్యేది. తర్వాత వచ్చిన కార్బురేటర్ స్కూటర్లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు. గిన్నె కింద ఉండే స్క్రూ వదులు చేసి పాత పెట్రోల్ సీసాలోకి దించవచ్చు. ఆ పని ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్లో నిప్పు లేకుండా చేయాలి.

పెట్రోల్ కూడా మారింది. 2025 నాటికి బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో వానాకాలపు గాలి తేమ చేరి, హద్దు మీరితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగుతాయి. ఇంజిన్‌కు ముందు అందేది ఆ అడుగుదే. ట్యాంకులోది కొద్దిగా సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచితే నీటి పొర వేరుగా కనబడుతుంది. కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయించడమే మంచిది.

పెట్రోల్ బాగుంటే గాలి దారి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు చిత్తుగుడ్డలతో గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. సీటు కింద, గొట్టం మూతి దగ్గర టార్చి వేసి చూడండి. ఆఖరున ప్లగ్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు విప్పితే అదే కబురు చెబుతుంది. తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే పెట్రోల్ ఎక్కువైంది. తుడిచి ఆరబెట్టి బిగించండి. పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. మసిబారి ఉంటే కొత్తది వేయడం మేలు.

సెల్ఫ్ ఒక్కసారికి ఐదు సెకన్లు మించకూడదు, మధ్యలో కనీసం పదిహేను సెకన్లు ఆగండి.

బండి అందుకున్నాక పని అయిపోయిందనుకోవద్దు. నాకు ఎక్కువ భయం ఇక్కడే. స్టార్ట్ కాని బండి మనిషికి హాని చేయదు, ఆగని బండి చేస్తుంది. సంగారెడ్డి-నర్సాపూర్ రోడ్డు మీదైనా, పటాన్‌చెరు దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీదైనా లారీలు, ట్యాంకర్ల మధ్య బ్రేక్ ఒక్కటే అక్కరకొస్తుంది. తేమకు డ్రమ్ లోపల తుప్పు పడుతుంది, కేబుల్ బిగుసుకుపోతుంది. బండిని తోసి చూడండి. చక్రం బిగపట్టినట్టున్నా, లివర్ వదిలాక వెనక్కి రాకపోయినా నడపకండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు రెండు చక్రాల బ్రేకులు కలిసి పట్టే ఏర్పాటు తప్పనిసరి. కాబట్టి ఒక కేబుల్ బిగుసుకుపోతే దాని ప్రభావం రెండో చక్రం మీదా పడవచ్చు. బ్రేకులో నూనె మాత్రం ఎప్పుడూ వేయకండి.

టైర్లలో గాలి కంపెనీ స్టిక్కర్ మీద రాసినంత పట్టించండి. పక్కన పగుళ్లు, తయారీ తేదీ చూడండి. నాలుగంకెల్లో 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు, మార్పించండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల గడువు కూడా చూసుకోండి. కొన్నప్పుడు ఐదేళ్లకు కట్టిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఈ మధ్యలో ముగిసిపోయి ఉండవచ్చు.

ఇవన్నీ చేసినా అందుకోకపోతే మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లండి. “బండి స్టార్ట్ అయితలేదు” అని ఊరుకోకుండా ఎన్ని నెలలు ఆగింది, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపింది, పంపు మోగిందా, ప్లగ్ తడిగా ఉందా పొడిగా ఉందా చెప్పండి. అప్పుడు అతను అవసరం లేని సామాను విప్పడు, మీరు అవసరం లేని సామానుకు డబ్బు కట్టరు. ఇకపై బండి ఆపాల్సి వస్తే ట్యాంకు నిండా పెట్రోల్ పోసి, బ్యాటరీ మైనస్ తీగ తీసి, డబుల్ స్టాండ్ వేసి పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఉంటే వారానికోసారి ఓ నాలుగైదు కిలోమీటర్లు నడపమనండి. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే, సెల్ఫ్‌కు ఖర్చైన చార్జీ కూడా తిరిగి ఎక్కదు.