దాల్చాలో పులుపు ఎప్పుడు పడాలి

సిద్దిపేట చుట్టుపక్కల దావతుల్లో బగార అన్నం పక్కన దాల్చా లేకపోతే వడ్డనలో ఏదో వెలితి. యాట బొక్కలు, శెనగపప్పు, సొరకాయ ముక్కలు, చింతపులుసు కలిసి మరిగే ఈ కూరను ఇరాన్ వాళ్ల వంటేనని కొట్టిపారేసేవారు ఉన్నారు. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీది ఇరాన్‌లోని హమదాన్ కాబట్టి ఆ మాట ఊరికే పుట్టింది కాదు. అయినా వంట సంగతి వంశవృక్షంలో తేలదు, గిన్నెలోకి తొంగి చూడాల్సిందే. ఇరానీలకు ఇష్టమైన ఘోర్మే సబ్జీలో గొర్రెమాంసం, రాజ్మా ఉంటాయి. మెంతికూర, కొత్తిమీర లాంటి ఆకులను నూనెలో ముదురు రంగు వచ్చేదాకా వేయించి కలుపుతారు. పులుపు ఎండు నిమ్మకాయలది. మన దాల్చాలో ఆ ఆకుల రాశీ లేదు, ఆ నిమ్మకాయా లేదు. పైగా రాజ్మా అమెరికా ఖండాల నుంచి వచ్చిన గింజ, ఇరాన్‌కూ అది పాత చుట్టం కాదు. అందుకే దాల్చాను నకలు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చుట్టరికం ఉన్నది వండే వరుసలో. మాంసం, గింజ మెత్తబడ్డాకే పులుపు పడాలన్న పద్ధతి చాలామంది ఇరానీ వంటవాళ్లదీ, మన దేగ్ దగ్గర నిలబడేవాళ్లదీ. గింజను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పుల్లటి నీళ్లలో త్వరగా కరగదు. చింతపులుసు ముందే పోస్తే శెనగపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు వదలదు. బొక్కను అంటిన నరాలు, కండ కరిగి రసం చిక్కబడటానికి సన్నటి సెగ మీద గంటలు కావాలి. ఆ వ్యవధిలో పప్పు పులుపు తగలకుండా ఉడికితేనే రెండూ ఒకటవుతాయి.

కుక్కరుంటే ఈ వరుస ఎందుకని అడగవచ్చు. నిజమే, కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, పులుపు పడ్డా పప్పు ఎలాగో మెత్తబడుతుంది. కానీ బొక్కలకు సరిపోయే కూతలకు శెనగపప్పు పిండైపోతుంది, సొరకాయ ఆనవాలే ఉండదు. కాబట్టి కుక్కర్‌లోనైనా ముందు మాంసాన్ని ఒంటరిగా ఉడికించి, పప్పును వేరే గిన్నెలో మెత్తబడేదాకా ఉడికించి కలపాలి. సొరకాయ సగం ఉడికాక చింతపులుసు పోసి, మూత లేకుండా పావుగంట మరగనివ్వాలి.