పాత కారు ప్లగ్‌కి ఏ పానా?

స్పార్క్ ప్లగ్ విప్పడం పెద్ద పనేం కాదు. ఎడమవైపు తిప్పితే వచ్చేస్తుంది. కానీ ఇంట్లో ఎప్పటిదో మారుతి 800 ఉండి, సెలవుల్లో దాన్ని మళ్ళీ స్టార్ట్ చేద్దామని కూర్చుంటే, ఇరవై నిమిషాల పని కాస్తా ఇంజన్ హెడ్‌ని లేత్ షాపుకి మోసుకెళ్ళే దాకా పోవచ్చు. చాలావరకు తేడా అంతా చేతిలో ఉన్న పానాదే.

ముందు సైజు సంగతి. ఎక్కడ చదివినా "14 మి.మీ. ప్లగ్" అని ఉంటుంది. అది చూసి 14 నంబర్ పానా పట్టుకొచ్చేవాళ్ళు మెకానికల్ బ్రాంచిలోనూ దొరుకుతారు! 14 అనేది హెడ్‌లోకి దిగే థ్రెడ్ వ్యాసం. పానా పట్టేది పైనున్న ఆరు పలకల భాగాన్ని. పాత కార్ల ప్లగ్‌లలో ఎక్కువగా దాని అడ్డుకొలత 20.8 మి.మీ. షాపులో 21 అనో, 13/16 అంగుళం అనో అడిగితే ఇస్తారు. తర్వాత వచ్చిన ఇంజన్లలో సన్న ప్లగ్‌లు, వాటికి 16. ఇంట్లో 22 ఉంది కదా, అదీ పడుతోంది కదా అని వాడొద్దు. వదులుగా ఉన్న పానా పలకల మూలల్ని అరగదీస్తుంది. ఆ తర్వాత సరైన సైజు తెచ్చినా జారిపోతుంది. ఇదే కారణానికి, తుప్పు పట్టిన ప్లగ్‌కి లోపల పన్నెండు మూలలుండే సాకెట్ కన్నా ఆరు మూలలది మేలు.

కారుతో పాటు వచ్చే గొట్టం లాంటి ప్లగ్ పానా, దానికో అడ్డ కడ్డీ ఉంటాయి. అంబాసిడర్‌కి అది చాలు. ఆ 1489 సి.సి. ఇంజన్‌లో ప్లగ్‌లు ఒక పక్క, మానిఫోల్డ్ రెండో పక్క, కాబట్టి చెయ్యి బాగా ఆడుతుంది. చోటు ఇరుకైతే రాచెట్, ఎక్స్‌టెన్షన్, లోపల రబ్బరు ఉండే ప్లగ్ సాకెట్ కావాలి. ఆ రబ్బరు ముక్కని చిన్నచూపు చూడొద్దు. అది ప్లగ్ తెల్ల పింగాణీని పట్టుకుని, సాకెట్‌ని నిటారుగా ఉంచుతుంది. మామూలు సాకెట్ కొంచెం ఒరిగినా పింగాణీకి తగిలి వెంట్రుకంత పగులు వస్తుంది. కంటికి కనబడదు. కానీ కరెంటు ఆ పగులు గుండా బాడీకి పోయి, స్పార్క్ రావాల్సిన చోట రాదు. మారుతి 800కి ఉన్నవే మూడు సిలిండర్లు. ఒకటి మానేస్తే బండి ఐడిలింగ్‌లోనే వణికిపోతుంది, మనం కార్బొరేటర్ మీద పడతాం.

అసలు ప్రమాదం వేరే ఉంది. అంబాసిడర్ హెడ్ పోత ఇనుము, మారుతిది అల్యూమినియం. ఉక్కు ప్లగ్ ఏళ్ళ తరబడి అందులో కూర్చుంటే బిగుసుకుపోతుంది. అప్పుడు పానాకి పొడుగాటి పైపు తొడిగి లాగితే ప్లగ్ వస్తుంది, దాంతోపాటు అల్యూమినియం థ్రెడ్ కూడా వస్తుంది. హెడ్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. వైరుని కాదు, క్యాప్‌ని పట్టి లాగాలి. గుంటలో దుమ్ముని సైకిల్ పంపుతో ఊదేయాలి, లేకపోతే సిలిండర్లోకి రాలుతుంది. పావు చుట్టు వదులయ్యాక గట్టిగా పట్టేస్తే ఆగండి. తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి, కొన్ని గంటలు వదిలేసి, కొంచెం బిగించి కొంచెం విప్పుతూ రండి. దీనికి రాచెట్ కన్నా టీ పానానే నాకు నచ్చుతుంది. బలం రెండు చేతులకీ సమానంగా పడుతుంది, ప్లగ్ పక్కకి వంగదు.

ఎక్కించేటప్పుడు మొదటి చుట్లు వేళ్ళతోనే తిప్పాలి, రాచెట్‌తో కాదు. వేళ్ళు అందకపోతే ప్లగ్ కొసకి అరచెయ్యంత రబ్బరు ట్యూబు తొడగండి, థ్రెడ్ తప్పితే ట్యూబే జారిపోతుంది. టార్క్ రెంచ్ ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. లేకపోతే, కొత్త ప్లగ్‌కి వాషర్ హెడ్‌కి ఆనాక ఇంకో అర చుట్టు. వాడిన ప్లగ్ అయితే గడియారం ముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకి జరిగినంత.