నలభై కంప్యూటర్లు.. ఒకే ఇంటర్నెట్ లైను

* బడిలో ప్రాక్సీ సర్వరు ఎంతవరకు ఉపయోగం?

కూర్మన్నపాలెం: కంప్యూటర్ పీరియడ్ మొదలవుతుంది. ఉపాధ్యాయుడు చెప్పిన పేజీని నలభై మంది విద్యార్థులు ఒకేసారి తెరుస్తారు. తెరపై గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంటుంది. పాఠం సగం కాకముందే గంట మోగుతుంది. తక్కువ వేగం గల లైనును అందరూ పంచుకునే పాఠశాలల్లో తలెత్తే ఇబ్బంది ఇది. ఎక్కువ సొమ్ము చెల్లించి వేగం పెంచుకోవడం ఒక మార్గం. ఒకసారి తెచ్చిన సమాచారాన్ని బడిలోనే నిల్వ చేసి అందరికీ అందించడం మరో మార్గం. ఈ రెండో పని చేసేదే కేషింగ్ ప్రాక్సీ సర్వరు.

కణితి జలాశయంలా..

ఈ ప్రాంత వాసులకు ఇది తెలిసిన సూత్రమే. ఏలేరు కాలువ ద్వారా వచ్చే నీటిని విశాఖ ఉక్కు కర్మాగారం కణితి బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో నిల్వ చేసుకొని వాడుకుంటుంది. ప్రాక్సీ సర్వరు సమాచారానికి అటువంటి జలాశయం. తేడా ఒక్కటే. వాడిన కొద్దీ నీరు తరుగుతుంది, సమాచారం తరగదు.

ఉదాహరణకు, 500 మెగాబైట్ల అప్‌డేట్‌ను 40 కంప్యూటర్లు విడివిడిగా తెచ్చుకుంటే మొత్తం 20 వేల మెగాబైట్లు అవుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల లైనుపై దీనికి సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. ఒక్కసారే తెస్తే ఏడు నిమిషాలు చాలు. మిగతా పంపిణీ అంతా బడి లోపలి తీగలపైనే సాగుతుంది.

ఏర్పాటు ఇలా

ఈ పనికి ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ స్క్విడ్. 1996లో వెలువడిన ఇది ఉచితంగా లభిస్తుంది. తగినంత మెమరీ, హార్డ్‌డిస్క్ ఉన్న పాత కంప్యూటరులో లినక్స్ వేసి దీనిని నెలకొల్పుకోవచ్చు.

* సర్వరుకు మారని ఐపీ చిరునామా ఇవ్వాలి.
* బడి నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకే అనుమతి ఉండాలి. బయటివారికి తెరిచి ఉంచితే దుర్వినియోగమవుతుంది.
* డిస్కుపై నిల్వ స్థలాన్ని ప్రత్యేకంగా కేటాయించాలి. లేకుంటే కొత్త వెర్షన్లు మెమరీలో మాత్రమే దాస్తాయి.
* 4 మెగాబైట్లకు మించిన ఫైళ్లను స్క్విడ్ మామూలుగా దాచదు. ఈ పరిమితిని పెంచకపోతే అప్‌డేట్లలో ఆదా ఉండదు.
* ప్రతి కంప్యూటరులోనూ సర్వరు చిరునామా, 3128 పోర్టు సంఖ్య నమోదు చేయాలి.
* సర్వరు ఆగితే అందరికీ ఇంటర్నెట్ ఆగుతుంది కనుక యూపీఎస్ తప్పనిసరి.

చిక్కు ఇక్కడే

స్క్విడ్ పుట్టిన కాలంలో వెబ్ పేజీలు తెరిచిన ఉత్తరాల్లా ప్రయాణించేవి. ఇప్పుడు అత్యధిక భాగం హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో, సీలు వేసిన కవర్లలా వస్తున్నాయి. వికీపీడియా 2015లోనే పూర్తిగా ఈ పద్ధతికి మారింది. కవరు లోపల ఏముందో ప్రాక్సీకి తెలియదు కనుక నిల్వ చేయలేదు, అటూ ఇటూ చేరవేయగలదు అంతే. వీడియో పాఠాలకూ ఇదే వర్తిస్తుంది.

సీలు విప్పి చూసే ఏర్పాటు స్క్విడ్‌లో లేకపోలేదు. అయితే అందుకు ప్రతి కంప్యూటరులోనూ బడి సొంత ధ్రువపత్రాన్ని నమ్మించాలి. అప్పుడు పిల్లలు, ఉపాధ్యాయుల పాస్‌వర్డ్‌లు సైతం సర్వరుకు కనిపిస్తాయి. ఆదా కోసం ఇంతటి ముప్పు కొనితెచ్చుకోవడం తగదు.

మరి ఏం చేయాలి?

ఉబుంటు వంటి లినక్స్ అప్‌డేట్లు సాధారణంగా సీలు లేకుండానే వస్తాయి. అసలువో కావో డిజిటల్ సంతకంతో కంప్యూటరే సరిచూసుకుంటుంది. వీటిని ప్రాక్సీ చక్కగా దాచగలదు. విండోస్ 10, 11లలో పక్క కంప్యూటరు నుంచే అప్‌డేట్ తీసుకునే డెలివరీ ఆప్టిమైజేషన్ సదుపాయం ఉంది.

పాఠాల విషయంలో ముందే తెచ్చిపెట్టుకోవడమే మేలు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తెలుగు వికీపీడియాను అదే సర్వరులో ఉంచి, ఇంటర్నెట్ లేకున్నా చదివించవచ్చు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ఇచ్చిన ట్యాబ్‌లలో పాఠాలు ముందే నింపి ఇవ్వడంలోని ఆలోచన కూడా ఇదే.

సర్వరు పెట్టిన తర్వాత వారం రోజులు దాని లాగ్ ఫైలును గమనించాలి. ‘హిట్’ అని ఉంటే నిల్వ నుంచి, ‘మిస్’ అని ఉంటే బయటి నుంచి వచ్చినట్లు. హిట్‌లు నామమాత్రంగా ఉంటే ప్రాక్సీపై ఇంకా ఖర్చు పెట్టడం వృథా. ఆ సొమ్మును పెద్ద హార్డ్‌డిస్కుకో, వేగవంతమైన లైనుకో కేటాయించడం ఉత్తమం.