సమన్వయం ఏదీ?

మా అమ్మాయి పదకొండో గ్రేడు. ఈ ఏడాది ఏ.పి. ఇంగ్లీష్ లాంగ్వేజ్ తీసుకుంది. ఒకరోజు సాయంత్రం బడి నుంచి వస్తూనే వ్యాసం కాగితాలు టేబుల్ మీద పడేసి, పలకరించినా పలకకుండా మేడ మీదికి వెళ్ళిపోయింది. 6కి 2 మార్కులు. మార్జిన్‌లో మూడుచోట్ల టీచరుగారు వేసిన ప్రశ్న ఒక్కటే: "అయితే ఏమిటి?"

మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరం మీద ఆ వ్యాసం. ఆయన ఉద్యమానికి ఇది సమయం కాదన్న ఎనిమిదిమంది తెల్లజాతి మతగురువులకు అది జవాబు.

"నీకు తెలీదులే నాన్నా, ఇవన్నీ గ్రీకు మాటలు" అంది. కాస్త గుచ్చుకుంది. ఇంటరు దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. అయినా పక్కన కూర్చుని చెప్పించుకున్నాను. ఈథోస్ అంటే చెప్పే మనిషి మీద నమ్మకం కలిగించడం. పేథోస్ అంటే మనసు కదిలించడం. లోగోస్ అంటే తర్కంతో ఒప్పించడం. ఈ మూడూ అరిస్టాటిల్ చెప్పినవి. అనఫొర అంటే వరుసగా ఒకే మాటతో మొదలుపెట్టడం. తను ఇవన్నీ ఉత్తరంలో సరిగ్గానే గుర్తుపట్టింది. మరి మార్కులెక్కడ పోయాయి?

అప్పుడు మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. అలంకారం మీద ప్రశ్న వస్తే మూడు రాయాలి: లక్షణం, ఉదాహరణ, సమన్వయం. మొదటి రెండూ బట్టీ పట్టేవాళ్ళం. ఉపమేయం ఏది, ఉపమానం ఏది, రెంటికీ పోలిక ఎక్కడ అని విడదీసి చెప్పకపోతే "సమన్వయం ఏదిరా?" అని సగం మార్కులు కోసేవారు.

"అమ్మలూ, నువ్వు రాయనిది అదే" అన్నాను.

ఇద్దరం మళ్ళీ చదివాం. అందులో 300 మాటలకు పైగా సాగే వాక్యం ఒకటుంది. నల్లవాళ్ళు పడ్డ అవమానాలన్నీ ఒకే మాటతో మొదలవుతూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. టీవీలో చూసిన వినోదాల పార్కుకి తీసుకెళ్ళమని అడిగిన ఆరేళ్ళ కూతురికి, అక్కడికి నల్లపిల్లల్ని రానివ్వరని చెప్పలేక నలిగిపోయిన తండ్రి బాధా అందులోనే ఉంది.

"ఇంత పొడుగు ఎందుకు రాశాడంటావు? ఎవరికి రాశాడు?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. "ఆగమన్నవాళ్ళకి. ఈ వాక్యం ఎప్పుడు అయిపోతుందా అని మనమూ ఆగాలి నాన్నా. ఆగడమంటే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియాలని!"

నాకు ఒళ్ళు జలదరించింది. మతగురువులకు రాస్తున్నాడు కాబట్టే సెయింట్ అగస్టీన్‌ని, అక్వినాస్‌ని సాక్ష్యానికి తెచ్చాడని కూడా తనే పట్టుకుంది.

ఈ వ్యాసానికిచ్చే 6 మార్కుల్లో 4 ఆధారాలకీ, వాటి వివరణకీ. అలంకారం పేరు తెలియడం ఎంతో మేలు. కానీ ఎవరితో, ఎందుకు, ఏం సాధించడానికి అలా అన్నారో చెప్పినప్పుడే ఆ పేరుకి విలువ. మీ ఇంట్లోనూ ఇలాంటి వ్యాసం రాసే పిల్లలుంటే, ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకండి. "ఎవరికి? ఎందుకు?" అని అడిగితే చాలు.

తిరిగి రాసిన వ్యాసానికి 4 వచ్చాయి. ఇంకా 2 పోయాయని దానికి దిగులే. కానీ ఇప్పుడు చిత్తుప్రతి మార్జిన్‌లో ప్రతి పేరాకీ ఎదురుగా వంకరటింకరగా ఒక తెలుగు అక్షరం రాసుకుంటోంది: "స".